సన్నాయి రెండు దొప్పలు

ఏనుగుగుట్ట అడవిలో పందులు, ముంగిసలు, నక్కలు, కోతులు కలిసిమెలిసి ఉండేవి. అంటే, రోజూ పోట్లాడుకునేవి. కానీ ఒకదాన్నొకటి కొరుక్కునేవి కావు. తగవు వస్తే బల్లబండ చుట్టూ కూర్చుని కథాట ఆడి తేల్చుకోవడం అక్కడి ఆచారం.

వానలు దగ్గరపడ్డాయి. సన్నాయి అనే ముంగిస పిల్లలతో ఉంటున్న గుహ మీద గండయ్య అనే అడవిపంది కన్ను పడింది.

"ఈ గుహ నాకు కావాలి. నువ్వు పిల్లల్ని తీసుకుని ఎక్కడికైనా పో," అన్నాడు గండయ్య.

"ఆటలో గెలిచి తీసుకో మామా," అంది సన్నాయి. పైకి ధీమాగానే అంది. పిల్లల్ని మాత్రం దగ్గరకు లాక్కుంది.

ఆట తేలికే. తాబేలు తాత కథ చెబుతాడు. కథలో దాగిన మణిని అందుకున్నవాళ్లదే గెలుపు. ఆడేవాళ్లకు చెరో గుప్పెడు చింతపిక్కలు ఇస్తారు. వాటిని ముందే బలం దొప్పలోనూ నేర్పు దొప్పలోనూ పోసుకోవాలి. కథలో కొట్లాటకు దిగితే బలం దొప్పలోంచి, మరేం చేసినా నేర్పు దొప్పలోంచి ఒక పిక్క ఇచ్చుకోవాలి. ఆట మొదలయ్యాక అటువి ఇటు మార్చకూడదు.

గండయ్య ఆలోచించనే లేదు. పిక్కలన్నీ బలం దొప్పలో కుమ్మరించాడు.

"చిన్నదానివి, నీకు కొట్లాటలెందుకు? అన్నీ నేర్పులో పోసెయ్," అని నక్క సన్నాయి చెవిలో ఊదింది.

సన్నాయి పోయబోయింది. అంతలో పాములు గుర్తొచ్చాయి. పాము పడగ విప్పితే కబుర్లతో పని జరగదు కదా! కొన్ని పిక్కలు బలం దొప్పలో వేసింది.

కథలో మొదట పులి అడ్డొచ్చింది. గండయ్య దాన్ని మట్టి కరిపించాడు. సన్నాయి పొదల చాటున జారుకుంది. కోతులు గండయ్యకే ఈలలు వేశాయి.

"ఎదురుగా ఏరు పొంగుతోంది. ఏం చేస్తావు?" అన్నాడు తాత.

"పొడిచేస్తా!"

"ఏటినా?"

కోతులు పొట్టలు పట్టుకుని నవ్వాయి. గండయ్య పిక్క విసిరాడు.

"సరే, పొడిచావు. ఏటికి నొప్పి పుట్టలేదు," అన్నాడు తాత.

దొప్ప ఖాళీ అయ్యేదాకా గండయ్య ఏటిని పొడుస్తూనే ఉన్నాడు.

సన్నాయి తెప్ప కట్టి ఏరు దాటింది. మణి ఉన్న కోట గడియ తీసింది. దాంతో నేర్పు దొప్ప అడుగంటింది. సరిగ్గా అప్పుడే, మణి మీద చుట్టుకున్న నల్లతాచు బుస్సుమంది! నక్క కళ్లు మూసుకుంది.

సన్నాయి బలం దొప్పలోంచి పిక్క తీసి బండ మీద టక్కున పెట్టింది.

"కొట్టాను తాతా!"

"మణి నీదే. గుహా నీదే!"

అడవి దద్దరిల్లింది. పిల్లలు తల్లి వీపెక్కి గంతులేశాయి.

ఆ సాయంత్రమే తొలివాన కురిసింది. చెట్టుకింద తడిసి ముద్దయిన గండయ్య గుహలోకి తొంగిచూశాడు.

"అమ్మాయీ, ఆ తెప్ప ఎలా కట్టాలో కాస్త నాకూ చెబుదూ!"

నీతి: బలమొక్కటే చాలదు, నేర్పొక్కటే చాలదు, రెండూ తగుపాళ్లలో ఉన్నవారిదే గెలుపు.