ఇరవై మూడో మూర దగ్గర కోడలి పీలిక

అనగనగనగా, దాహమంటే ఏమిటో ఎరగని ఒక ఊరు. వాగు పక్కన గులకరాళ్ళ మేట, మేట పక్కన ఊరు, ఊరి నడుమ బావి. ఊ కొట్టండర్రా, నేను గోడకి చెప్పడం లేదు!

ఆ ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ వైశాఖంలోనే. కాపరానికొచ్చిన కొత్తకోడలు ముందుగా బావిలో చేద వెయ్యాలి. దానికో ప్రత్యేకమైన పొడుగాటి తాడుంది, మిగతా రోజుల్లో ఎవరూ ముట్టరు. చేద నీళ్ళని తాకగానే, గట్టు దగ్గర తాడు ఎంతవరకు దిగిందో అక్కడ తన కొంగు చింపి ఒక పీలిక ముడెయ్యాలి. ఎందుకమ్మా అంటే, మా అత్తలు కట్టారు, మేం కట్టాం. అంతే. బుర్రపెట్టి ఆలోచించిన మనిషి ఒక్కరూ లేరు.

ఆ దేశపు రాజుగారికి నడుం నొప్పి. రథమెక్కితే కుదుపులు. కుదుపుల్లేని బాట కావాలన్నాడు. బాటకి రాళ్ళు కావాలి, రాళ్ళకి గొయ్యి తవ్వాలి, గోతిలో నీళ్ళూరాయి, ఊరిన నీళ్ళు తోడెయ్యాలి. మేట దగ్గర నూరుమంది తవ్వేవాళ్ళు, నూరుమంది గూడలతో తోడి వాగులో పారబోసేవాళ్ళు. బాట పూర్తయింది, నడుం నొప్పి తగ్గింది. తవ్వడం ఆపారా? ఆపలేదు! పక్క రాజులు కూడా మాకూ రాళ్ళు పంపమన్నారు. ఎంత లోతనుకున్నావు శేషూ ఆ గొయ్యి? ఏనుగు మీద ఏనుగు, దాని మీద ఇంకో ఏనుగు నిలబడితే తొండం కొస కూడా బయటికి రాదు.

ఇక్కడేమో బావిలో నీళ్ళు దిగుతున్నాయి. ఊళ్ళోవాళ్ళేం చేశారు? తాళ్ళకి అతుకులేసుకున్నారు. ఇవాళొక మూర, వచ్చే నెల ఇంకో మూర. మూడేళ్ళు అతుకులే అతుకులు. నీళ్ళు ఎటు పోతున్నాయని అడిగిన నోరు లేదు.

ఆ మూడేళ్ళూ ఊళ్ళో పెళ్ళే లేదు, తర్వాత ఒకటి జరిగింది. అచ్చాయమ్మ ఇంటికి కోడలొచ్చింది. పేరు పేరిందేవి. ఊరంతా చుట్టూ చేరితే ఆ పిల్ల చేద వేసింది. తాడు దిగింది, దిగింది, దిగింది. పాత కోడళ్ళ పీలికలన్నీ బావిలోకి దిగిపోయాయి. ఆడవాళ్ళు చెంపల మీద చేతులేసుకున్నారు. ఆఖరికెప్పుడో చేద టప్పుమంది. పైకి లాగితే సగం బురద. పేరిందేవి పీలిక పడ్డది ఇరవై మూడో మూర దగ్గర!

అచ్చాయమ్మ గుండెలు బాదుకుంది. “ఏం కాలే నీది! గడప తొక్కావో లేదో ఊరి గొంతు ఎండింది గదే!”

అతుకులేసిన చేతులేనర్రా అవి! అన్నీ మరిచిపోయి ఆ పిల్ల మీద పడ్డాయి. ఎనిమిది రోజుల్లో నీళ్ళు పైకి రాకపోతే పుట్టింటికి తోలెయ్యాలని తీర్మానించేశారు. మొగుడా? నేలచూపులు. అలాంటివాణ్ణి చేసుకోకే హైమా.

పేరిందేవి ఏడవలేదు. ఆ తాడు ఒళ్ళో వేసుకుని కూచుని, ఈ పీలిక ఎవరిదత్తయ్యా అని ఒక్కొక్కటే అడిగింది. ఎర్రంచుది నాదే, పన్నెండో మూర అంది అచ్చాయమ్మ. పసుపుపచ్చది మా అత్తది, అదీ పన్నెండే. మూడేళ్ళ కిందటి కోడలిది పదమూడు. ఈ నల్లది నా తోడికోడలిది, వానచుక్క పడని కరువేడు వచ్చింది, పద్నాలుగు.

“కరువుకే రెండు మూరలు దిగితే, నా ఒక్క కాలుకి పది దిగిందా అత్తయ్యా?”

 అత్త కళ్ళు మూడేళ్ళుగా గొయ్యి తవ్వుతున్న మేట వైపు తిరిగాయి.

ఇద్దరూ వెళ్ళి గోతిలోకి తొంగిచూశారు. ఊరివైపు గోడలోంచి ధారలు ధారలుగా నీళ్ళు! అచ్చాయమ్మ గోతిలోకి దిగి, దోసెడు పట్టి నోట్లో పోసుకుని, ఉన్నచోటే కూలబడింది. నలభై ఏళ్ళు తాగిన నీళ్ళ రుచి తెలియదా ఆవిడకి?

“ఓరి నాయనో! ఇవి మా బావి నీళ్ళురా! వాగులో పోస్తున్నార్రా!”

తాడు పట్టుకుని రాజు దగ్గరికి పరిగెత్తారు. రాళ్ళకీ నీళ్ళకీ సంబంధమేమిటని మంత్రి పకపకా నవ్వాడు. పేరిందేవి ఒక్కటే అడిగింది: ఆరు రోజులు గూడలు ఆపండి, నీళ్ళు పైకి రాకపోతే పుట్టింటికి నేనే నడిచిపోతాను. అదెంత పని అన్నాడు రాజు.

ఏడోరోజున రాజు సొంత చేతులతో చేద వేశాడు. ఊరు ఊపిరి బిగబట్టింది. ఊ కొట్టరేం? మీరూ బిగబట్టారా? పదిహేను, పదహారు, పదిహేడు... పంతొమ్మిదో మూరకే టప్! ఆరు రోజుల్లో నాలుగు మూరలు పైకొచ్చాయి నీళ్ళు. రాజు తాడు వంక చూశాడు, గొయ్యి వంక చూశాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. నా నడుం కోసం ఊరినే తోడేశానా అన్నాడు.

ఆ పూటే గూడలు పగలగొట్టించాడు. నీళ్ళు తగిలేంత లోతుకి ఇక గడ్డపార దిగకూడదన్నాడు. నవ్విన మంత్రి ఏడాదిపాటు ఇంటింటికీ బిందెలు మోశాడు, బాగా అయింది! మరుసటి వైశాఖానికి వచ్చిన కోడలి పీలిక పదమూడో మూర దగ్గరే పడింది. ఊరంతా పాయసం తాగారు.

పేరిందేవి పీలిక విప్పేద్దామన్నారు ఎవరో. అచ్చాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “ఉంచండర్రా. అది దాని కాలు గుర్తు కాదు, మన కళ్ళు మూసుకుపోయిన గుర్తు.”

విన్నారుగా. నీళ్ళు దిగితే తాడుకి అతుకెయ్యడం కాదు, ఎవరు తోడుకుపోతున్నారో వెళ్ళి చూడండి. ఇంటికొచ్చిన పిల్లని ఆడిపోసుకోకండి.

కథ కంచి బాట పట్టింది, మనం దుప్పట్లో దూరాం. ఆ చెంబులో మిగిలిన నీళ్ళు పారబొయ్యకు శేషూ, తులసమ్మకి పొయ్యి.