పూతరేకుల పొట్లం

పదకొండేళ్ళు గుమ్మెట కొట్టాను. అందెలు మాత్రం నా చేతికి రాలేదు.

బుర్రకథకి ముగ్గురం ఉంటాం. నడుమ నిలబడి కథ చెప్పేవాడు భుజాన తంబురా పెట్టుకుని, బొటనవేలికి ఇత్తడి అందెలు తొడుక్కుంటాడు. అటొకడు ఇటొకడు గుమ్మెట కొడుతూ "తందాన తాన" అంటారు. వాళ్ళు వంతలు. మా గురువు మేడిశెట్టి బంగారయ్యగారు కథకుడు. ఒక వంత నేను, రెండో వంత తాతబ్బాయి. నాకంటే మూడేళ్ళు వెనకొచ్చినవాడు. వాడోసారి అందరి ముందూ, "సూరిబాబు గుమ్మెటకే పుట్టాడండీ" అన్నాడు. వాడిప్పుడు లేడు, పోయి నాలుగేళ్ళయింది. ఆ మాట మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే అప్పట్లో సొంతంగా ఒక కథ కట్టాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నోటితో కట్టి నోట్లోనే దాచుకున్నాను.

కథ మా ఏటి ఒడ్డుదే. అవతల పెదచింతలంకలో దొరయ్య అని తాటాకు చాపలు అల్లేవాడు ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఇవతలి ఒడ్డు మంగతాయి మీద మనసుపడి, ఆవిడ కోసం పూతరేకులు కట్టించుకుని తాటిదోనె మీద బయల్దేరి ఏటి మధ్యలో బోర్లాపడ్డాడు. తడిసి ముద్దయి చేరితే వాళ్ళ నాన్న కర్రతో తరిమాడు. గడ్డిమేటులో దూరితే గేదె వచ్చి గడ్డితో పాటు పంచె కూడా నమిలేసింది. చివరికి చాప చుట్టుకుని ఇల్లు చేరాడు. ఆ నెలలోనే మంగతాయికి వేరే ఊళ్ళో పెళ్ళి చేసేశారు. ఇదంతా నేను పుట్టకముందు సంగతి. ఊళ్ళో చెప్పుకోగా విన్నాను.

ఒక సంత రోజు మధ్యాహ్నం గురువుగారు గొంతు తడుపుకోవడానికి కూర్చుంటే, ఆ కాస్త వేళా నన్ను పాడమన్నారు. ఎత్తుకున్నాను.

"పంచదార ఏటిపాలు, పంచె గేదె పాలయ్యా
ప్రేమ మాత్రం చాప చుట్టి ఇంటికొచ్చెనయ్యా!"

సంతంతా పొర్లి పొర్లి నవ్వింది. చేపలావిడ తట్ట దించి మరీ నవ్వింది. తాతబ్బాయికి గుమ్మెట మీద దెబ్బ తప్పింది. అది నాకు మరీ బాగుంది.

జనం చెదిరాక గురువుగారి ముందు నిలబడ్డాను.

"ఇంక నాకు అందెలు ఇప్పించండి."

ఆయన తాంబూలం నములుతూ అడిగారు. "ఎందుకురా?"

"మూడొందల మంది నవ్వారండి."

"ఎవరు నవ్వలేదు?"

నేను చూస్తేగా! నవ్వినవాళ్ళనే చూసుకున్నాను.

"చాపలు అమ్మకుండానే మోపు ఎత్తుకుని ఒకడు వెళ్ళిపోయాడు" అన్నారు. "రేపు ఆయన దగ్గర పాడదాం. ఆయన నవ్వితే అందెలు నీవి."

మర్నాడు పొద్దున్నే పడవెక్కాం. తాతబ్బాయిని రావద్దన్నారు, అదొక్కటే నాకు ఊరట.

దొరయ్య గుమ్మంలో కూర్చుని చాప అల్లుతున్నాడు. మనిషి సన్నగా, నెరిసిపోయి ఉన్నాడు.

"రండి బంగారయ్యగారూ" అన్నాడు. నా వైపు చూడలేదు.

"మావాడు కథ వినిపిస్తాడు దొరయ్యా."

"పాడనీండి. సంతలో సగమే విన్నాను. మిగతాదానికి ఓపిక చాల్లేదు."

గురువుగారు తంబురా నా భుజాన పెట్టారు. నా గుమ్మెట తను తీసుకుని, నా ఎడంపక్కన వంత నిలబడే చోట నిలబడ్డారు. శిష్యుడికి గురువు వంత పాడటం నేను ఏ దళంలోనూ చూడలేదు. అందెలు మాత్రం ఆయన మొలలోనే ఉన్నాయి.

ఎత్తుకున్నాను. గురువుగారు ప్రతి చరణానికీ "తందాన తాన" అన్నారు, లోపం లేకుండా. దోనె తిరగబడింది. నవ్వు కోసం నేను ఆగే చోటు అది. అక్కడ గుమ్మెట గట్టిగా మోగాలి. గురువుగారి చెయ్యి గాల్లోకి లేచింది. కిందికి దిగలేదు.

ఏటి గాలి వినబడింది. దొరయ్య చేతిలో తాటాకు చప్పుడు వినబడింది.

ఎలాగో గడ్డిమేటు దాకా లాక్కొచ్చాను. గేదెని తీసుకొచ్చాను.

"గేదె కాదు" అన్నాడు దొరయ్య.

"ఏమిటండీ?"

"గేదెకి భయపడతానా నేను? అప్పట్లో మాకే నాలుగుండేవి. అది ఆంబోతు. ఇంత మూపురం. పంచె కూడా మొత్తం తినలేదు, ఒక కొస నా చేతిలోనే ఉంది. రాసుకో."

"రాయడం రాదండి."

"అయితే గుర్తుపెట్టుకో. కథ చెప్పేవాడివి!"

గురువుగారు అటు తిరిగి దగ్గారు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

చాప చుట్టించి కథ ముగించాను. దొరయ్య అల్లిక ఆపి నా మొహంలోకి చూశాడు.

"అయిపోయిందా?"

"అయిపోయిందండి."

"మరి మంగతాయి ఏదీ?"

"పెళ్ళి చేసేశారు కదండీ."

"అది కాదయ్యా. నీ పాటలో పూతరేకులు ఏటిపాలైపోయాయి. పొట్లం పోలేదు. దోనె పోయింది కానీ పొట్లం వదల్లేదు నేను. వాళ్ళ దొడ్లోకి వెళ్ళి ఇచ్చాను. విప్పితే ఏముంది, అరిటాకులో ఇంత ముద్ద. దాని నిండా ఏటి బురద. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ వేలితో కాస్త తీసి నోట్లో పెట్టుకుంది. 'తియ్యగానే ఉంది' అంది. అంతలో వాళ్ళ నాన్న కేక."

ఆగిన అల్లికలో ఒక ఆకు దూర్చాడు.

"ఇన్నేళ్ళూ ఊరంతా గేదె గురించే అడిగారు. అదీ తప్పే. ఆవిడేమంది అని ఒక్కడూ అడగలేదు."

అని నవ్వాడు. ఆంబోతుని తలుచుకుని నవ్వాడో, ఆ మాట తలుచుకుని నవ్వాడో నాకు తెలీదు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

తిరుగు పడవలో గురువుగారు ఎదురుగా కూర్చున్నారు. 'నవ్వాడు కదండీ' అని అడగొచ్చు నేను. దానికి బదులు మంగతాయి మాటకి చరణం వెతుక్కుంటున్నాను. ఆయన అందెలు తీసి, వంగి ఏటి నీళ్ళలో కడిగి, పైపంచెతో తుడిచి మళ్ళీ మొలలో పెట్టుకున్నారు.

"ఇంత మూపురంట" అని తనలో తానే నవ్వుకున్నారు.

ఆ వారమంతా పనులు చేసుకుంటూ చరణం కట్టాను. కట్టి, విప్పి, మళ్ళీ కట్టాను.

సంత రోజు వచ్చింది. జనం కూడాక గురువుగారు తంబురా నా భుజాన పెట్టి, అందెలు తీసి నా బొటనవేలికి తొడిగారు. నా గుమ్మెట తీసుకుని నా పక్కకొచ్చి నిలబడ్డారు. తాతబ్బాయి మొహం ఆ రోజు చూడాల్సింది.

దోనె తిరగబడినప్పుడు జనం పొర్లారు. అదే నవ్వు మీద దొడ్లోకి తీసుకెళ్ళాను.

"ముద్దయిన రేకు తీసి ముద్దుగుమ్మ నోట బెట్టె
తియ్యగానే ఉందనెనయ్యా, తియ్యగానే ఉందనె..."

అక్కడ అందెలు మోగించాలి. నా చెయ్యి కదల్లేదు. రెండు పక్కలా గుమ్మెటలు కూడా మోగలేదు. తిరిగి చూడక్కర్లేకపోయింది, గురువుగారి చెయ్యి కూడా గాల్లోనే ఉందని తెలిసింది. అంత సంతలోనూ చప్పుడు లేదు. చేపలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉండిపోయింది.

చాపల మోపు వెనకనించి ఒక గొంతు లేచింది.

"ఆగావేం సూరిబాబూ? ఆంబోతు రావద్దూ! కానీయ్!"

సంతంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. గురువుగారి గుమ్మెట మోగింది. నా అందెలు వాటంతటవే మోగాయి.

గురువుగారి ఫొటో కూడా లేదు నా దగ్గర. దణ్ణం పెట్టుకోవాలనిపిస్తే ఈ అందెలకే పెట్టుకుంటాను. ఇవి కావాలని కుర్రాళ్ళు వస్తూనే ఉంటారు. ఏ ఊళ్ళో ఎంతమంది నవ్వారో లెక్క చెబుతారు.

చెప్పింది విని, తాంబూలం నములుతూ ఒక్కటే అడుగుతాను.

"ఎవరు నవ్వలేదు?"