మిరియాలకోన కషాయాలమ్మ తల్లి వెలసిన విధము

మిరియాలకోన ఘాట్ రోడ్డు మీద బస్సు దిగగానే శొంఠి, మిరియాల ఘాటు ముక్కుకు తగులుతుంది. ఆ వాసన వెంట నాలుగడుగులు వేస్తే రేకుల కప్పు కింద కషాయాలమ్మ తల్లి సన్నిధి కనిపిస్తుంది. అమ్మవారి రూపం మసిబారిన పొయ్యిరాయి. ఇక్కడ తీర్థానికి బదులు వేడి కషాయం ఇస్తారు.

పూర్వం ఇక్కడ చిన్న కొండపల్లె ఉండేది. ఒక ఏడు మార్గశిరంలో ముసురు పట్టి విడవలేదు. దానితోపాటే చలిజ్వరం వచ్చింది. అది ఒకరి నుండి ఒకరికి అంటుకుంటున్నదని భయపడి, ఊరిపెద్ద కిల్లో బంగారన్న ఎవరూ గడప దాటరాదని కట్టడి చేశాడు. దాటినవారికి వెలి తప్పదన్నాడు. ఆనాటి నుండి నిప్పుకైనా ఒకరి తలుపు మరొకరు తట్టలేదు.

భర్తను పోగొట్టుకున్న బుద్రికి కొడుకు లింగు ఒక్కడే దిక్కు. వాడు కంబళిలో వణుకుతూ, ఊపిరి అందక ఎగపోస్తున్నాడు. ఇంట్లో గుప్పెడు మిరియాలు తప్ప మరేమీ లేవు. అవే కాచి పోస్తే పసివాడి గొంతు మండి కక్కేశాడు. తెల్లవారుజామున వాడి అరికాళ్ళు రుద్దుతూనే బుద్రి కునుకు తీసింది. కలలో నల్లకంబళి కప్పుకున్న ముత్తైదువ కనిపించి, "తల్లీ, ఇంటికొక దినుసు దాచుకుని కూర్చుంటే మందెలా అవుతుంది? పొయ్యి వీధిలో పెట్టు" అని చెప్పి మాయమైంది.

బుద్రి దిగ్గున లేచింది. కొడుకును ఒంటరిగా వదలాలంటే మనసు ఒప్పలేదు. అయినా కంబళి వాడికి గట్టిగా చుట్టి, మిగిలిన మిరియాలు, నీళ్ళకుండ తీసుకుని బయటికి నడిచింది. వీధి మధ్య మూడు రాళ్ళు పేర్చి, చూరు కింది ఎండుపుల్లలతో నిప్పు రాజేసి, కుండ ఎక్కించింది. జల్లు పడుతుంటే మంట మీదికి వంగి, వీపు అడ్డం పెట్టింది. తలుపుల సందుల్లోంచి అందరూ చూస్తున్నారు. ఒక్కరూ బయటికి రాలేదు.

బంగారన్న కర్ర పట్టుకుని వచ్చాడు.

"పొయ్యి ఆర్పు, బుద్రీ. ఊరంతటినీ చంపుతావా?"

"ఇది ఆరితే నా కొడుకు దక్కడు, బాబూ. కొడితే కొట్టు. నేను లేవను."

అతడు కుండ మీదికి కర్ర ఎత్తాడు. అంతలో వెనుక నుండి అతని భార్య చిన్నాలమ్మ వచ్చి కర్ర పట్టుకుంది. ఆమె కొంగులో శొంఠికొమ్ము ఉంది.

"మన మనవడికి పెదాలు నల్లబడ్డాయి. నీకు చెప్పడానికి భయపడి ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను" అంటూ శొంఠిని రాతి మీద దంచి కుండలో వేసింది. బంగారన్న చెయ్యి దానంతటదే దిగిపోయింది.

అప్పుడు ఒక తలుపు తెరుచుకుంది. ఒకరు తులసి తెచ్చారు, ఒకరు పిప్పళ్ళు, మరొకరు బెల్లం. కుండలో నీరు సగానికి మరిగింది. బుద్రి తొలి దొప్ప నింపింది. తన గుడిసె వైపు చూసింది. లోపల నుండి ఎగపోత కూడా వినిపించడం లేదు. అయినా ఆ దొప్పను చిన్నాలమ్మ చేతిలో పెట్టి, "పెదాలు నల్లబడితే ఆలస్యం చేయకూడదు, అత్తా. ముందు నీ మనవడికి పట్టు" అంది.

రెండో దొప్పతో ఆమె లోపలికి పరుగెత్తింది. లింగు కదలకుండా పడి ఉన్నాడు. చెంచాతో చుక్క చుక్కగా పోసింది. మొదటిది పెదవి పక్కనుండి కారిపోయింది. మరొకటి మింగాడు. పొద్దెక్కేసరికి వాడి నుదుట చెమట పట్టింది. అటు బంగారన్న ఇంట్లో మనవడు ఆకలని ఏడ్చాడు.

ముసురు వెలిశాక చూస్తే, మూడు రాళ్ళలో ఒకదాని మీద మసి, కంబళి కప్పుకున్న స్త్రీ రూపంగా కట్టి ఉంది. ఎంత వాన కురిసినా అది చెరగలేదు. బంగారన్నే ఆ రాతికి తొలి పసుపుబొట్టు పెట్టాడు.

నేటికీ ఇక్కడికి వచ్చే భక్తులు ఇంటి నుండి ఒక్క దినుసే తెస్తారు. అన్నీ ఒకే గంగాళంలో పడతాయి. పంచే ముందు పూజారి, "ఎవరింట ఎవరు మంచాన ఉన్నారు?" అని అడుగుతాడు. చెప్పినవారికే తొలి గ్లాసు. ఈ కోన ఇళ్ళలో చలికాలం కషాయం కాచినా ముందు పొరుగింటికి పంపి, ఆ తరువాతే తాము తాగుతారు. అలా పంచిన ఇంట అమ్మ చల్లని చూపు ఉంటుందనీ, పసిబిడ్డలు నిండు నూరేళ్ళు వెచ్చగా బతుకుతారనీ నమ్మకం.