నూలా అడిగిన నిప్పు

అనగనగా అంటే మన ఊళ్ళో కాదు అమ్మలూ, సముద్రాల అవతల ఐర్లాండు దేశంలో, ఓ చలి పల్లెలో నూలా అనే బాలింత ఉండేది. నెలలు నిండకుండానే కొడుకు పుట్టాడు. వెచ్చగా ఉంచకపోతే బిడ్డ దక్కడని మంత్రసాని మరీ మరీ చెప్పింది.

ఓ పొద్దున గాలివానకు ఇంటి కప్పు కారి పొయ్యి చల్లారిపోయింది. అప్పట్లో అగ్గిపెట్టెలు ఎక్కడివి? అప్పుడు నూలా బిడ్డను అత్త ఒళ్ళో పెట్టి, కుండ పట్టుకుని నిప్పు కోసం పరిగెత్తింది.

ఆవేళ మే ఒకటో తారీకు. ఆ రోజు గడప దాటి నిప్పు ఇస్తే, దాని వెంటే ఇంట్లో వెన్నా పోతుందని వాళ్ళ నమ్మకం. ఇంకోటి కూడా ఉంది. వెన్న చిలికే ఇంటికి ఎవరొచ్చినా కాసేపు కవ్వం పట్టి వెళ్ళాలి. పట్టకుండా పోతే వెన్న పడదట!

మొదటింట్లో ఓనా చిలుకుతోంది. "రావమ్మా, ముందు కవ్వం పట్టు" అంది. నూలా చిలికింది, వెన్న పడింది. ఆ తర్వాత నిప్పడిగితే, "ఇవాళా? పెద్దలు ఊరికే అన్నారా తల్లీ?" అని తలుపేసింది. సిగ్గు లేదూ!

రెండో ఇంట్లో బ్రిజిడ్ కూడా అంతే. చక్కగా చిలికించుకుంది. ఆ తర్వాత ఓపిక పట్టాలని సుద్దులు చెప్పి పంపింది. పచ్చి బాలింత చలిలో వచ్చి నిప్పడిగితే, సుద్దులా చెప్పేది?

అప్పుడు నూలాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ వెన్నకు పనికొచ్చే ఆచారం తను తప్పకూడదు. తన బిడ్డకు అడ్డమొచ్చే ఆచారం వాళ్ళు తప్పరు. ఇదెక్కడి న్యాయం?

మూడో ఇంట్లో ముసలి మోరా "కవ్వం పట్టు" అనగానే నూలా చేతులు కట్టుకుని నిలబడింది.

"పట్టను అవ్వా. నేను ఊరికే పోతే నీ వెన్న పోతుంది. నిప్పిచ్చినా నీ వెన్న పోతుంది. ఎలాగూ పోయే వెన్నేగా, నా బిడ్డను బతికించి పోనీ!"

మోరా వెన్న చిలికే పీపా వంక చూసింది, పొయ్యి వంక చూసింది. అప్పుడు పటకారు తీసి కుండ నిండా నిప్పులు వేసింది.

ఆ తర్వాత నూలా తనంతట తానే కవ్వం పట్టింది. ముద్దలు ముద్దలుగా వెన్న తేలింది. "ఎక్కడికీ పోలేదే!" అని మోరా నోరు వెళ్ళబెట్టింది.

నూలా ఇంట్లో పొయ్యి రాజుకుంది. బిడ్డకు కాళ్ళు వెచ్చబడ్డాయి, సత్తువ వచ్చి గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు ఓనా ఇంటిదాకా, బ్రిజిడ్ ఇంటిదాకా వినిపించింది. వినిపించాలి మరి!

కథ కంచికి, నిప్పు నూలా ఇంటికి, నిద్ర నీ కంటికి.