నూకాలు తుమ్మిన గడ్డి

అనగనగా అంటాను, మీరు ఊఁ అనాలి. అనకపోతే కథ కదలదు. ఇక్కడే కూర్చుని గడ్డి మేస్తుంది.

అనగనగా, ఈ కొండకి ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో, కొండ కింద ఒక ఊరు. ఊళ్ళో నూకాలని ఒకావిడ. కొండచీపురు కోసుకొచ్చి చీపుళ్ళు కట్టేది. ఊరి చివర గుడిసె. భూమి లేదు, గొడ్డూ గోదా లేదు, నా అన్నవాళ్ళు లేరు. ఉన్నదల్లా ఒక ముక్కు.

ఆ ముక్కు సంగతి చెప్తాను. దుమ్ము తగిలితే నూకాలు తుమ్మేది. ఘాటు తగిలితే తుమ్మేది. బూజుపట్టిన ముక్కవాసన తగిలితే తుమ్మేది. తుమ్మితే ఒకటి కాదు, మూడు. హాచ్, హాచ్, హాచ్!

బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఏం చెయ్యాలో మీకు తెలుసుగా. వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాలి. ఒక తుమ్ము కీడు. రెండు తుమ్ములైతే ఫర్వాలేదు. మూడు తుమ్ములకి ఏం చెయ్యాలో పెద్దలెవరూ చెప్పిపోలేదు. అంచేత ఆ ఊరివాళ్ళు ఎందుకైనా మంచిదని మూడుసార్లు కూర్చుని మూడు చెంబులు తాగేవాళ్ళు. నాగలి కట్టినవాళ్ళు తాగారు. పెళ్ళికి వెళ్ళేవాళ్ళు తాగారు. తీర్థానికి వెళ్ళేవాళ్ళు కూడా తాగారు, తాగి దారి పొడుగునా చెట్ల చాటుకి పరిగెత్తారు.

"ఒలే నూకాలూ, మేం ఊరు దాటేదాకా ఆ ముక్కు మూసుకోవే!" అనేవాళ్ళు.

"మూసుకుంటే సెవుల్లోంచి వస్తది బాబూ, నన్నేటి సెయ్యమంటారు?" అనేది నూకాలు.

పిలవని చోటికి నూకాలు వెళ్ళేది కాదు. పిలిచేవాళ్ళూ లేరు.

ఆ ఊరి పెద్ద కూర్మినాయుడు. ఆయన కూతురు పైడి, ఇంకా పాలపళ్ళు ఊడుతున్న పిల్ల. ఒకసారి నాయుడు సంత నుంచి కూతురికి తెల్ల కుందేలుని తెచ్చాడు. పైడి దానికి దూది అని పేరు పెట్టింది. పైడి ఎక్కడుంటే దూది అక్కడ.

ఊరంతా దూదిని ముద్దు చేసింది. వడ్రంగి దేవదారు పెట్టె చేస్తూ మిగిలిన రంపప్పొట్టు తెచ్చి, "దీనిమీద పడుకోబెట్టండి, ఘుమఘుమలాడిపోద్ది" అన్నాడు. వడ్లు దంచే ఆవిడ ఊక తెచ్చి, "మెత్తగా ఉంటది" అని పోసింది. పాలేరు గడ్డివాము అడుగునుంచి ఇంత గడ్డి లాక్కొచ్చి, "తిన్నంత తిననీండి" అన్నాడు. అందరిదీ మంచి మనసే.

దూది పొట్టు మీద పడుకుంది. ఊకలో దొర్లింది. గడ్డి వాసన చూసి పక్కకి జరిగింది. కొన్నాళ్ళకి తుమ్మింది.

కుందేలు తుమ్ము ఎంతని, ఆవగింజంత. కానీ సరిగ్గా అప్పుడే నాయుడు ఏటి నీళ్ళ తగువు తేల్చుకోడానికి పొరుగూరు బయల్దేరుతున్నాడు. వెనక్కొచ్చాడు, కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, లేచాడు. దూది మళ్ళీ తుమ్మింది. మళ్ళీ కూర్చున్నాడు, తాగాడు, లేచాడు. దూది మళ్ళీ తుమ్మింది. ఇంక ఆ రోజుకి ప్రయాణం లేదన్నాడు. ఈలోగా పొరుగూరివాళ్ళు నీళ్ళు తమ పొలాలకి మళ్ళించుకున్నారు.

నాయుడికి ఒళ్ళు మండింది.

"వచ్చే సంతరోజున మళ్ళీ బయల్దేరతాను. ఆ పూట గానీ ఇది తుమ్మిందా, తీసుకెళ్ళి కొండమీద వదిలెయ్యండి."

కొండమీద నక్కలున్నాయి. ఆ సంగతి పైడికి తెలుసు.

ఏడ్చింది. అన్నం మానేసింది. నాయుడు కరగలేదు. అప్పుడు కళ్ళు తుడుచుకుని, దూదిని చంకనేసుకుని, ఎవరూ వెళ్ళని నూకాలు గుడిసెకి వెళ్ళింది. ఆ ఊళ్ళో అక్కని అప్ప అంటారు.

"అప్పా, నువ్వు తుమ్మని చోటు ఎక్కడుందో చెప్పు. దూదిని అక్కడ పడుకోబెడతాను."

నూకాలు చేతిలో చీపురు ఆగిపోయింది. "ఓలమ్మ గుంటా! నాకేటి తెలుసు కుందేళ్ళ సంగతి? నానెప్పుడూ పెంచనేదు."

"నీకు తెలియక్కర్లేదప్పా. నీ ముక్కుకి తెలుసు కదా!"

ఆ ముక్కుని తిట్టినవాళ్ళున్నారు, దానికి దణ్ణం పెట్టి పారిపోయినవాళ్ళున్నారు. సాయం అడిగినవాళ్ళు లేరు. నూకాలు చీపురు పక్కన పెట్టేసింది.

పైడి పరిగెత్తి రంపప్పొట్టు తెచ్చింది. నూకాలు మొహం పెట్టి పీల్చింది. హాచ్, హాచ్, హాచ్! "వాసన మంచిదే గానీ నెత్తికెక్కేస్తంది. పెట్టెలో బట్టలకి బాగుంటది, ఊపిరి తీసే జీవానికి వద్దు."

పైడి ఊక తెచ్చింది. హాచ్, హాచ్, హాచ్! "ఊక తక్కువ, దుమ్మెక్కువ. వద్దు."

పైడి వాములో గడ్డి తెచ్చింది. ఈసారి ముక్కు దాకా రాకుండానే, హాచ్, హాచ్, హాచ్! గడ్డి విడదీసి చూస్తే లోపల నల్లగా బూజు. ఆ ఏడు వానకి భయపడి నాయుడి మనుషులు తడి గడ్డినే వాము వేసేశారు. "వద్దు, వద్దు, అసలే వద్దు!"

"మరేది కావాలి?" అంది పైడి.

ఏది కావాలో నూకాలుకీ తెలీదు. వెతకాల్సిందే.

గుడిసె వెనక చీపుళ్ళు కట్టగా మిగిలిన కాడల ముక్కలు కుప్పగా ఉన్నాయి. వాటిని గాలికి చెరిగి దుమ్ము పోగొట్టి, ఎండలో ఆరబోసింది. మొహం పెట్టింది. తుమ్ము రాలేదు. దూది కింద పరిచారు. దూది రెండు కాడలు కొరికి చూసింది. పరుపుని కూడా తినే జీవమది. తిన్నా ప్రమాదం లేని పరుపు దొరికింది.

ఇక తిండి. కొండవాలు మీద అప్పుడే వెన్ను తీస్తున్న గడ్డి కోసింది. మొదటి మోపుని తొందరపడి పచ్చిగానే కట్టేసింది. విప్పితే తుమ్ములే తుమ్ములు. రెండో మోపుని ఎండలో వదిలేసింది. తుమ్ము రాలేదు గానీ గడ్డి తెల్లబారిపోయింది, దూది మొహం తిప్పేసుకుంది. మూడో మోపుని చూరు కింద నీడలో పల్చగా పరిచి, తిరగేస్తూ, గాలికి ఆరబెట్టింది. ఎండింది, అయినా పచ్చగానే ఉంది. తియ్యటి వాసన. నూకాలు మొహం మొత్తం గడ్డిలో పెట్టేసి పీల్చింది. పైడి ఊపిరి బిగబట్టుకుని చూసింది.

తుమ్ము రాలేదు.

దూది కరకరా నమిలింది. నములుతూనే వెనక గోళీలు రాల్చింది.

"ఛీ, తింటూనేనా!" అంది పైడి.

"దాని పద్ధతి దానిది. మనవే గడ్డి పక్కన కాడలు పరుద్దాం. పొద్దున్నే తీసి కొత్తవి ఎయ్యి. తడిసినవి ఉంచావంటే ఆ ఘాటుకి నానూ తుమ్ముతాను, అదీ తుమ్ముతది."

సంతరోజు వచ్చింది. నాయుడు తలపాగా చుట్టాడు. బండి కట్టారు. బండిలో కూర్చోడానికీ, దారిలో ఎడ్లు మెయ్యడానికీ గడ్డి దట్టంగా పరిచారు. ఊరంతా వచ్చి నాయుడిని చూడకుండా కుందేలుని చూస్తోంది. పైడి ఒళ్ళో దూది ముక్కు కదిలించింది. జనం వంగారు. దూది చెవి గోక్కుని పడుకుంది.

నాయుడు బండి మీద కాలు పెట్టాడు.

హాచ్, హాచ్, హాచ్!

పశువులశాల గోడ వెనక నుంచి నూకాలు. కుందేలు గతేమవుతుందో చూడకుండా ఉండలేక వచ్చింది, పాపం.

"నిన్నెవరు రమ్మన్నారే!" అని ఊరు ఊరంతా మీద పడింది. ఒకడు అప్పుడే చెంబు పట్టుకొచ్చేశాడు.

"అయ్యా, కూర్చోకు!" అని అరిచింది పైడి. "నూకాలప్ప ఊరికే తుమ్మదు. ఆ గడ్డి చూడు!"

నాయుడు కూతురి వంక చూశాడు. తర్వాత మోచెయ్యి దాకా గడ్డిలో చెయ్యి పెట్టాడు. పైన పొడిగా ఉంది. లోపల వెచ్చగా, జిగటగా తగిలింది. గుప్పెడు లాగితే నల్లటి బూజు. అదే వాములోది. కొన్నాళ్ళుగా ఎడ్లు మేత ముట్టక, పొట్టలుబ్బి ఎందుకు పడుంటున్నాయో నాయుడికి అప్పుడర్థమయింది.

చెంబు పట్టుకున్నవాడు చెంబు అందించబోయాడు. నాయుడు తీసుకోలేదు.

"నీళ్ళు కాదురా. గడ్డి దింపండి. నూకాలూ, ఇలా రా. ఏ మోపు ఎయ్యాలో చూసిపెట్టు."

నూకాలు చూసింది. బండి కదిలింది. నీళ్ళు ఊరికి తిరిగొచ్చాయి. దూది ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఏ ఇంట్లో వాము వేసినా నూకాలుని పిలిచేవాళ్ళు. "అప్పా, ఒకసారొచ్చి తుమ్మిపో" అని.

నూకాలు ముసలిదయింది. ఒక చలికాలం కాలం చేసింది. పాడె కట్టారు, మీద గడ్డి పరిచారు. పైడి అప్పటికి పిల్లల తల్లి. వచ్చి, వంగి, గడ్డిలో మొహం పెట్టింది.

హాచ్, హాచ్, హాచ్!

పాడె ఎత్తేవేళ తుమ్ము! అయినా ఒక్కరూ కూర్చోలేదు, ఒక్కరూ చెంబు పట్టలేదు. ఆ గడ్డి తీసేశారు. నీడన ఆరిన పచ్చటి గడ్డి తెచ్చి పరిచారు. అప్పుడు ఎత్తారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కుందేలుకి గడ్డి వేసేముందు మోపు మధ్యలోంచి గుప్పెడు తీసి, మొహం పెట్టి, మూడుసార్లు పీలుస్తారు. తుమ్ము వచ్చిందంటే "నూకాలు వద్దంది" అని పారేస్తారు. రాకపోతే "నూకాలు సరేనంది" అని వేస్తారు. చదువు ఎగ్గొట్టాలని పిల్లలు పలక మీద కూడా దొంగ తుమ్ములు తుమ్ముతారనుకోండి, అది వేరే సంగతి.

కథ మోపు కట్టేశాను. లేవండి. మీ ఒంటికంటిన గడ్డి దులుపుకోండి, కాస్త దూరంగా.