వెదురుగొంది తడికెలమ్మ మహిమ

వెదురుగొంది లోయలో వెలసిన తడికెలమ్మ తల్లికి రాతి గోపురం లేదు. గోడలూ కప్పూ అన్నీ వెదురు తడికెలే. ఏనుగుల్ని ఎగరేసే గాలివానలు కూడా ఈ గుడి ముందు చెప్పులు విడిచి నడుస్తాయని పెద్దల మాట!

పూర్వం ఇక్కడ సూర్యుడు కూడా దారి అడిగి రావలసినంత దట్టమైన వెదురు ఉండేది. గొల్లవారి కోడలు సింగరమ్మ అక్కడ గొర్రెలు కాసేది. మంద మీద కన్ను నిలిచేది కాదు, చేతులు మాత్రం ఏదో ఒకటి అల్లుతూనే ఉండేవి.

"గొర్రెల్ని కాయమంటే గంపలు అల్లుకొచ్చావా? ఇక వాటినే పాలు పిండుకో!" అని అత్త దెప్పేది.

ఒకనాడు మధ్యాహ్నపు కునుకులో, పొదలోని నున్నటి రాయి ఆమెతో పలికింది: "నీ చేత్తో నాకో ఇల్లు అల్లు తల్లీ."

సింగరమ్మ మేదర పెద్ద గురవప్ప దగ్గరకు పరుగెత్తి, రాయి అడిగింది చెప్పి, పని నేర్పమని వేడుకుంది.

"ముక్కూ మొహం లేని రాయికి ఇల్లేమిటే పిల్లా? సరే, ముందు నీకు తోచినట్టు అల్లు. ఊరి జాతరనాటికి సూదిమొన దూరే సందు లేకపోతే మేదర కత్తి ఇచ్చి మా వరసలో కూర్చోబెడతాను. సందు కనిపించిందా, మళ్లీ వెదురు ముట్టకు."

సింగరమ్మ అల్లింది. ఎంత బిగువుగానంటే, చీమలు చుట్టూ తిరిగి పోవలసి వచ్చిందట! అయితే మేదరవారు వెదురు బద్దల్ని నీడన ఆరబెట్టి అల్లుతారు. ఆ సంగతి ఆమెకు తెలియదు, పచ్చివే అల్లేసింది. జాతరనాటికి అవి ఎండి ముడుచుకున్నాయి. తడికె నిండా వేలు దూరే సందులు!

జనం గొల్లున నవ్వారు. సింగరమ్మ తల వంచుకుని గొర్రెల వైపు తిరిగింది. అంతలో లోపలికి వెళ్లిన గురవప్ప కేక వేశాడు. సందుల్లోంచి ఏటవాలుగా దిగిన ఎండ రాతిని నిమురుతోంది. ఆరుబయట నున్నగా కనిపించిన రాతిలో కళ్లు, ముక్కు, చిరునవ్వు తేలాయి!

"పచ్చి వెదురు అల్లావా?"

"ఆరబెట్టాలని తెలియదు తాతా."

"నా మాట ప్రకారం ఓడావు. అమ్మ ముందు నా మాటెంత? ఇదిగో కత్తి." గురవప్ప కళ్లు తుడుచుకున్నాడు. "అయినా రేపటి నుంచి ఆరబెట్టు. ఇలాంటి సందుల గంపలో జొన్నలు పోస్తే దారంతా పిట్టలకే విందు!"

తడికె అల్లికలో జరిగిన తొలి తప్పే అమ్మ మొహం చూపింది గనుక ఆ తల్లికి తడికెలమ్మ అనే పేరు నిలిచింది. నేటికీ జాతరకు ముందు పచ్చి వెదురుతోనే గుడి కొత్తగా అల్లుతారు. మగ్గమో, మట్టో, కొయ్యో, ఏ చేతిపని బతుకుతెరువుగా పట్టినవారైనా తాము చేసిన తొలి వంకర వస్తువును తెచ్చి అమ్మ పాదాల దగ్గర పెడతారు. సింగరమ్మ వంశపు పూజారమ్మ వారి అరచేతిలో కుంకుమ దిద్ది, "మళ్లీ చెయ్యి" అంటుంది. ఆ మాట విన్న చేయి వణకదు.

రెండో వస్తువును మాత్రం ఇక్కడికి తేకూడదు. దాన్ని ఇంట్లో వాడుకోవాలని అమ్మ ఆజ్ఞ.