గౌరునాయుడు చూడని చెట్టు

ఇలా నా పక్కకి జరుగు చిట్టీ. దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. ఇక విను.

అనగనగా సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో గౌరునాయుడని పంచాయతీ మేస్త్రీ ఉండేవాడు. వీధి చెట్లన్నీ అతని పూచీ. కొమ్మ విరిగితే కొట్టించాలి, చెట్టు పడితే దారికి అడ్డం తీయించాలి. చెట్ల సంగతి తనకొక్కడికే తెలుసని అతనికి కాస్త గీర.

బస్సాగే చోట పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. దాని కింద పైడమ్మ అట్లు పోసి అమ్మేది.

ఒకరోజు పైడమ్మ పంచాయతీ ఆఫీసుకొచ్చింది. "బాబూ, మానులోంచి పొట్టు రాలి నా పిండిలో పడుతోంది. ఓసారి వచ్చి చూడు" అంది.

"చూస్తాలే" అన్నాడు. చూడలేదు.

ఆ తర్వాత వారానికి మళ్ళీ వచ్చింది. "చెట్టు మొదట్లో పుట్టగొడుగులు లేచాయి బాబూ. లోపల పుచ్చిపోయినట్టుంది" అంది.

"చెట్ల గురించి నువ్వు నాకు చెబుతావా?" అని నవ్వాడు.

ఆ తర్వాత మూడోసారి వచ్చింది. "వేళ్ళ దగ్గర నేల పగిలింది. చెట్టు ఒరుగుతోంది బాబూ" అంది. ఆవిడ అటు వెళ్ళగానే గౌరునాయుడు కుర్చీలోంచి కదలకుండా పుస్తకంలో రాసేశాడు. 'చెట్టు చూశాను. గట్టిగా ఉంది.'

నాలుగు రోజులకి, మధ్యాహ్నం పూట గాలివాన వచ్చింది. చెట్టు వేళ్ళతో సహా దారికి అడ్డంగా పడిపోయింది. పైడమ్మ పొయ్యి నుగ్గయింది. ఆవిడ కుడిచెయ్యి కొమ్మ కింద ఇరుక్కుంది.

అప్పుడు గౌరునాయుడు రంపాలతో, మనుషులతో పరిగెత్తాడు. కొమ్మ కోసి ఆవిడని బయటికి తీసి ఆసుపత్రికి పంపాడు. ఆ తర్వాత మాను కోయించాడు. చూస్తే లోపలంతా డొల్ల! చెయ్యి పెడితే భుజం దాకా దిగిపోయింది.

పొద్దు వాలకుండానే దారి తెరిచాడని ఊరంతా మెచ్చుకుంది. తర్వాత పంచాయతీ సభలో సర్పంచిగారు అతనికి శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో పైడమ్మ కూర్చుని ఉంది. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. కట్టు కట్టిన చేత్తో ఎలా కొడుతుంది?

గౌరునాయుడికి ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది. అప్పుడు శాలువా తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఇది నాకొద్దండీ. ఆవిడ మూడుసార్లు చెప్పింది. నేను వెళ్ళలేదు. చూడకుండానే చూశానని రాశాను" అన్నాడు.

పైడమ్మ అంది: "నువ్వొస్తావని రోజూ దారి చూశాను బాబూ."

అంతే అంది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఏంటీ, ఆవిడ చెయ్యి బాగయిందా అనా? సగమే బాగయింది తల్లీ. మళ్ళీ అట్లకాడ పట్టలేకపోయింది. ఆ తర్వాత పంచాయతీవాళ్ళు ఆవిడకి చెట్లు చూసే పని ఇచ్చారు. ఆవిడ ముందు, పుస్తకం పట్టుకుని గౌరునాయుడు వెనక. ఆవిడ ప్రతి మానునీ ఎడంచేత్తో తట్టి, చెవి ఆనించి, "ఇది గట్టిది, ఇది కొట్టించు" అనేది. అతను ఆ మాటే రాసేవాడు.

దారిన పోయేవాళ్ళెవరైనా "భలే పనిమంతుడివి గౌరునాయుడూ" అంటే, "నన్ననకండి, ఆవిడని అనండి" అని తల దించుకునేవాడు. జుట్టంతా నెరిసిపోయినా ఆ తల అలాగే దించుకునేవాడు.

కథేమో కంచి దారి పట్టింది,
నా చిట్టికేమో కునుకు పట్టింది.